లోపలి గడియ

తిరుత్తణి కొండ కింద, బజారు వెనక వీధిలో మోహన్‌కుమార్ వాళ్ళ ఇల్లు. అరుగు మీద నిలబడితే కొండ మెట్లు మొదలయ్యే చోటు కనిపిస్తుంది. సంబంధం చూడటానికి వచ్చిన రోజు విద్యాలక్ష్మి తండ్రి ఆ అరుగు మీదే నిలబడి కొండకు దండం పెట్టుకున్నాడు. పొదటూరుపేటకు తిరిగి వెళ్ళాక కూతురితో, "సామి పక్కింట్లోనే ఉన్నట్టు ఉండాదమ్మా. ఇంకేమి కావాల నీకు?" అన్నాడు. దేవుడికి అంత దగ్గరున్న ఇల్లు చుట్టాలకు కూడా అంతే దగ్గరని ఆయనకు తట్టలేదు. విద్యాలక్ష్మికీ తట్టలేదు.

పెళ్ళయిన మొదటి ఆడికృత్తికకే, తమిళుల ఆడి నెలలో కొండ మీద జరిగే పెద్ద పండగకే, తెలిసొచ్చింది. చిత్తూరు నుంచి, నగరి నుంచి, వేలూరు నుంచి, మద్రాసు నుంచి చుట్టాలు దిగారు. కావడి మొక్కున్నవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, వాళ్ళకు తోడొచ్చినవాళ్ళు, ఆ తోడొచ్చినవాళ్ళ పక్కింటివాళ్ళు. మామగారు రంగనాథం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళను పేరుపేరునా పలకరించి లోపలికి పంపేవాడు. "కొండకొచ్చిన మనోళ్ళు హోటల్లో తిన్నారంటే మనకు మర్యాదా?" అనేవాడు. ఆయన మంచివాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆయన లోపలికి పంపిన వాళ్ళందరికీ వండి వడ్డించింది మాత్రం అత్తగారు కన్యకాంబ, కొత్తకోడలు విద్యాలక్ష్మి.

ఆయన పోయి చాలా కాలమైంది. వాకిట్లో కుర్చీ తీసేశారు గాని రాకపోకలు తగ్గలేదు. పైగా ఇప్పుడు అందరికీ కార్లు ఉన్నాయి. ముందు రోజు ఫోన్ చేసి "బయల్దేరినాం" అంటే చాలు. కన్యకాంబకు మోకాళ్ళు పట్టేసి కూర్చున్న చోటు నుంచి లేవడమే కష్టమైంది. మోహన్‌కుమార్‌కు బజార్లో పూజాసామాన్ల కొట్టు. ఏడాది మొత్తంలో కొట్టు కళకళలాడేది ఈ పండగ రోజుల్లోనే కాబట్టి అతను ఇంటికి స్నానానికి మాత్రం వచ్చిపోతాడు. ఇక మిగిలింది విద్యాలక్ష్మి ఒక్కతే.

కృత్తిక ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేది. దసరా సెలవులు, దీపావళి, అయ్యప్ప మాలలవాళ్ళు, డిసెంబరు ఆఖర్లో మెట్ల పూజ, ఆ వెంటనే కొత్త సంవత్సరం. సెలవంటే లోకానికి ఊరు విడిచి హాయిగా ఎక్కడికైనా పోవడం. విద్యాలక్ష్మికి ఆ లోకమంతా తన వంటింట్లోకి రావడం.

మూడేళ్ళ కిందట, కృత్తికకు ముందురోజు, భరణినాడు పొద్దున గ్రైండరులోంచి పిండి తీస్తుండగా ఆమెకు మొదటిసారి అది వచ్చింది. గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదు. వేళ్ళు చల్లబడ్డాయి. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు ఊపిరి ఆడలేదు. పిండిచేత్తోనే గోడ పట్టుకుని, "ధాత్రీ, నేను చచ్చిపోతా ఉండానే" అని కూతుర్ని కేకేసింది.

హాల్లో టిఫిన్ తింటున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేశారు. "ఏమీ లేదమ్మా. గ్యాస్ అయ్యుంటుంది" అని మాత్రలు రాసిచ్చి పంపించారు.

ఇంటికి వచ్చేసరికి ఆ మాట ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. "ఏమీ లేదంట" అని హాల్లో ఒకరు, "ఏమీ లేదంటనే" అని మిద్దె మీద ఇంకొకరు. ఆడబిడ్డ అలిమేలమ్మ చిత్తూరు నుంచి ఏటా అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక పోయే మనిషి. ఆమె దగ్గరకొచ్చి తల నిమిరింది.

"ఏమీ లేదని తెలిసింది గదా విద్యా. ఒక్క రవ్వ నడుం వాల్చి లెయ్యి. మధ్యాన్నానికి మా చిన్నత్త వాళ్ళు వస్తా ఉండారు."

ఏమీ లేకపోతే ప్రాణం పోతున్నట్టు ఎందుకైంది? విద్యాలక్ష్మి ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేకపోయింది. మధ్యాహ్నానికి లేచి సాంబారు పెట్టింది.

మరుసటి ఏడాదీ అలాగే వచ్చింది. ఆ సారి ఆసుపత్రి కూడా లేదు. దిష్టి తగిలిందని అలిమేలమ్మ ఎవరినో పిలిపించింది. అతను నిమ్మకాయలు తిప్పి, నెత్తిన పిడికెడు విభూతి కొట్టి పోయాడు. ఆ విభూతి జడలోంచి వదిలించుకోవడానికి తలస్నానం చేసే తీరిక కూడా ఆమెకు పండగ అయ్యేదాకా దొరకలేదు.

ఆ తర్వాత ఆ దడ కంటే దాని భయమే ఎక్కువైంది. ఆడి నెల వస్తోందంటే చాలు నిద్ర పట్టేది కాదు. పాలు పొంగితే ఏడుపొచ్చేది. చెంచా కింద పడేసిందని ధాత్రిని నోటికొచ్చినట్టు తిట్టి, స్నానాలగదిలో కొళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేది. మోహన్‌కుమార్‌కు చెప్పబోతే అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అందరి ఇండ్లల్లో ఆడోళ్ళు చేస్తానే ఉండారు గదా విద్యా. మా అమ్మ చెయ్యలేదా?" అన్నాడు. వాళ్ళమ్మ చేసింది నిజమే. చేసి చేసి మోకాళ్ళు పోగొట్టుకుని కుర్చీలో కూర్చుందన్నదీ నిజమే. అది అతనికి కనపడనప్పుడు ఈమె చెప్పి ఏం లాభం?

దారి చూపించింది ధాత్రి. ఆ పిల్ల రోజూ లోకల్ రైల్లో తిరువళ్ళూరు కాలేజీకి పోయొస్తుంది. పరీక్షల భయం గురించి మాట్లాడటానికి ఒకరోజు కాలేజీకి కాంచన అనే మానసిక వైద్యురాలు వచ్చింది. భయం ఎక్కువైతే ఒంట్లో ఏమేమి జరుగుతుందో ఆమె చెబుతుంటే ధాత్రికి తన తల్లి పిండిచేతులతో గోడ పట్టుకున్న దృశ్యం కళ్ళముందు ఆడింది. ఇంటికొచ్చి, వంటింటి తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"అమ్మా, నీకు ఉండేదానికి పేరుంది. ఆ డాక్టర్ దగ్గరికి పోదాం."

"పిచ్చి డాక్టరు దగ్గరికా? మీ అవ్వకు తెలిస్తే?"

"కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పు. అవ్వకే కాదు, నాన్నకూ అదే చెప్పు."

అలా గత ఏడాది ఆడి నెల మొదట్లో, కళ్ళు మసకగా ఉన్నాయనే అబద్ధంతో విద్యాలక్ష్మి తిరువళ్ళూరు వెళ్ళింది.

డాక్టర్ కాంచన అరవంలో అడిగింది, ఈమె అరవంలోనే చెప్పింది. మొదట తడబడింది. తర్వాత ఆపలేకపోయింది. ఎవరెవరు వస్తారు, ఎవరికి ఉల్లిపాయ పడదు, ఎవరికి చక్కెర లేని కాఫీ, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరు ఏ మాటకు అలుగుతారు. డాక్టర్ మధ్యలో అడ్డురాలేదు. చివర్లో మాత్రం, "ఇంతమంది మీ ఇంట్లో దిగి కొండెక్కుతారు కదా, పండగ రోజు మీరు కొండెక్కి ఎన్నేళ్ళయింది?" అంది.

విద్యాలక్ష్మికి ఎందుకో కోపం వచ్చింది. "సామిని చూడాలని ఇప్పుడు నాకేమీ లేదు డాక్టర్. నాకు నిద్ర కావాలి" అంది.

డాక్టర్ నవ్వలేదు. "దీన్ని ప్యానిక్ అంటారు. మీ గుండెలో ఏమీ లేదు. కానీ మీకు ఏమీ లేదని చెప్పడం తప్పు" అంది. ఆ ఒక్క మాటకు విద్యాలక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కొన్నాళ్ళు వాడమని మందులు రాసింది. దడ మొదలైనప్పుడు ఊపిరి నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలడం దగ్గరుండి చేయించింది. పండగ రోజుల్లో పని తగ్గించమంది. ఏది చేతకాదో ముందుగానే చెప్పమంది. ఎంత పనున్నా మధ్యాహ్నం అరగంట ఒక గదిలో తలుపేసుకుని ఒంటరిగా ఉండమంది.

"మా ఇంట్లో ఏ గదికీ లోపల గడియ లేదు" అంది విద్యాలక్ష్మి. అది నిజం. స్నానాలగదికి తప్ప ఆ ఇంట్లో ఏ తలుపుకూ గడియ లేదు. ఎప్పుడో పిల్లలు లోపల పెట్టుకుని తీయలేక ఏడిస్తే రంగనాథం అన్నీ ఊడదీయించాడు.

"అయితే ఒకటి పెట్టించండి" అంది డాక్టర్, అదేమంత పెద్ద విషయం కానట్టు.

పెద్ద విషయమే అయింది. వంటింటి పక్కన బియ్యం బస్తాలూ పెద్ద గిన్నెలూ ఉండే సామాన్ల గదికి గడియ పెట్టమని వీధి చివర వడ్రంగి పళనిని పిలిపించింది. పళని తలుపుకు చిల్లులు వేస్తుండగా కన్యకాంబ హాల్లోంచి అరిచింది.

"ఏమే విద్యా, ఏమా చప్పుడు?"

"గడియ పెట్టిస్తా ఉండా అత్తా."

"సామాన్ల గదికి లోపలేల గడియ? బియ్యం వచ్చి లోపల పెట్టుకుంటుందా?"

పళనికి నవ్వొచ్చింది. విద్యాలక్ష్మికి రాలేదు. "నేను పెట్టుకుంటా" అంది.

"సంసారం చేసే ఇంట్లో ఆడది లోపల గడియ పెట్టుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మొగుడితో తగువనుకుంటారు. నాతో తగువనుకుంటారు."

"అనుకోనీండి."

ఆ 'అనుకోనీండి' అన్న మాటకు కన్యకాంబ కొన్నాళ్ళు కోడలితో సరిగ్గా మాట్లాడలేదు. సాయంత్రం మోహన్‌కుమార్ వచ్చి కొత్త గడియను అటూ ఇటూ జరిపి చూసి, "సీజన్ ముందర ఇదొక్కటే తక్కువైంది మనకు" అని గొణిగి భోజనానికి కూర్చున్నాడు.

భరణి వచ్చింది. ఎప్పటిలాగే హాలూ, మిద్దే నిండిపోయాయి. వీధిలో కావళ్ళు పోతున్నాయి, పంబలు మోగుతున్నాయి, "అరోహరా" అన్న కేకలకు కిటికీ రెక్కలు అదురుతున్నాయి. పొద్దున టిఫిన్లు కాగానే విద్యాలక్ష్మి హాలు మధ్యలో నిలబడింది. చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ, ముందే అనుకున్న మాటలు చెప్పింది.

"మధ్యాన్నం భోజనాలు అయినాక అరగంట సేపు నేను ఆ గదిలో పడుకుంటాను. నన్ను పిలవొద్దండి. ఏమైనా కావాలంటే ధాత్రిని అడగండి."

"దానికేమి, పడుకో" అంది అలిమేలమ్మ. ఆమె భర్త రాజమాణిక్యం పేపరులోంచి తలెత్తి, "పడుకోమ్మా, నిన్నెవరొద్దన్నారు?" అన్నాడు. అంత సులభంగా ఒప్పుకున్నారంటే ఎవరూ విననట్టేనని ఆమెకు అప్పుడు తెలియలేదు.

భోజనాలయ్యాక ధాత్రి తండ్రికి క్యారియరు తీసుకుని కొట్టుకు బయల్దేరింది. విద్యాలక్ష్మి చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బస్తాల పక్కన మడతమంచం వేసుకుంది. ఫ్యాను తిప్పి, చెవుల్లో దూది పెట్టుకుంది. డాక్టర్ చెప్పినట్టు ఊపిరి పీల్చి వదిలింది. పొద్దుటి నుంచి ఛాతీలో బిగుసుకుని ఉన్నదేదో మెల్లగా సడలింది. అంతవరకే ఆమెకు గుర్తుంది. అంతలోనే నిద్రపోయింది. ఎన్నో వారాలుగా ఎంత పిలిచినా రాని నిద్ర.

కాఫీపొడి డబ్బా ఆ గదిలోనే ఉంది.

అలిమేలమ్మ వచ్చి తలుపు నెట్టింది. రాలేదు. తట్టింది. "విద్యా, కాఫీపొడి" అని పిలిచింది. పలకలేదు. గట్టిగా తట్టింది. లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండేళ్ళుగా మరదలు ఉన్న తీరు ఆమెకు ఒక్కసారిగా మనసులో మెదిలినట్టుంది. "అయ్యో, అమ్మా! ఇది పలకడం లేదే! లోపల గడియ పెట్టుకుందే!" అని అరిచింది.

ఆ అరుపుకు ఇల్లంతా కదిలింది. కన్యకాంబ కర్ర కూడా పట్టుకోకుండా గోడ పట్టుకుని వచ్చింది. "నేను అప్పుడే చెప్పినానే, గడియ వద్దని చెప్పినానే" అంటూ తలుపును రెండు చేతులతో కొట్టింది. ఎవరో కొట్టుకు ఫోన్ చేశారు. మోహన్‌కుమార్ గిరాకీని వదిలేసి, జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. కూతురు వెనకే పరుగెత్తుకుంటూ, "అమ్మ పడుకునుంటుంది నాన్నా, పడుకునుంటుంది" అంటున్నా వినే స్థితిలో లేడు. రాజమాణిక్యం పెరట్లోంచి రోకలి తెచ్చాడు. ఇద్దరూ కలిసి కొట్టారు. కొత్త గడియ పెట్టిన చోట చెక్క చీలి, తలుపు కీళ్ళతో సహా ఊడి లోపలికి పడింది.

విద్యాలక్ష్మి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. గుమ్మం నిండా మొహాలు. ముందు వరసలో మొగుడు, చేతిలో రోకలి, ఒళ్ళంతా చెమట. ఆమె చెవుల్లోంచి దూది తీసింది. ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

అలిమేలమ్మ విభూతి పట్టుకుని ముందుకొచ్చింది. విద్యాలక్ష్మి ఆ చేతిని తోసేసింది.

"నేను చెప్పినానా లేదా? పొద్దున ఆ హాల్లో నిలబడి చెప్పినానా లేదా? అరగంట. ఒక్క అరగంట నన్ను పిలవొద్దని."

"పలకలేదు గదా విద్యా" అన్నాడు మోహన్‌కుమార్. అతనికి ఇంకా ఊపిరి అందడం లేదు. "మేమేమో అనుకున్నాం..."

"ఏమనుకున్నారు? చెప్పండి. ప్రాణం తీసుకున్నాననుకున్నారు. అంతే గదా? అంటే నాకు అంత కష్టం ఉండాదని మీకందరికీ తెలుసు. తెలిసే గదా తలుపు పగలగొట్టినారు. తెలిసీ కాఫీపొడికి వచ్చినారు."

వీధిలో పంబ మోగుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి ఎవరూ వినలేదు. ఆమె ఆపలేదు.

"నాకు జబ్బు ఉండాది. ఏమీ లేదు గాదు, ఉండాది. మనసుకు వచ్చే జబ్బు. తిరువళ్ళూరులో మందు తింటా ఉండా. కళ్ళ డాక్టరు గాదు. గ్యాస్ అన్నారు, దిష్టి అన్నారు, నెత్తిన విభూతి కొట్టినారు గాని, నీకేమైందని ఒక్కరు అడిగినారా? అడగలా. సాంబారు అయిందా అని అడిగినారు."

వెనక నుంచి ఒక పెద్దాయన మెల్లగా, "అయితే కాఫీ ఇప్పుడు..." అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఆయన్ని గిల్లారు.

అప్పుడు కన్యకాంబ చేసిన పని గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు. ఆమె గుమ్మానికి అడ్డంగా, కోడలికి వీపు పెట్టి, నేల మీద కూలబడింది. ధాత్రి లేపబోతే చెయ్యి విసిరేసింది. "పోండి. అందరూ పోండి. హోటల్లో తాగండి కాఫీ" అంది. అలిమేలమ్మ లోపలున్న డబ్బా కోసం దాటబోతే కన్న కూతురి కాలికి చెయ్యి అడ్డం పెట్టింది. కోడలి కోసం కాపలా కూర్చుందని ధాత్రి అంటుంది. భయంతో కాళ్ళు చచ్చుబడి లేవలేకపోయిందని మోహన్‌కుమార్ అంటాడు. కన్యకాంబను అడిగితే ఆమె మాట మార్చేస్తుంది. విద్యాలక్ష్మి అడగలేదు. మడతమంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నిద్ర మాత్రం మళ్ళీ రాలేదు.

పండగ ఎలా గడిచిందో గడిచింది. అన్నం ధాత్రి వండింది, చాలలేదు. అలిమేలమ్మ ఆ సాయంత్రమే చిత్తూరు బస్సెక్కింది. పోయొస్తానని చెప్పలేదు. మోహన్‌కుమార్ పండగయ్యాక నోరు విప్పాడు.

"చుట్టాలందరి ముందర నా పరువు తీసినావు. నాకు లేదా టెన్షన్? పొద్దున లేస్తే కొట్టు, అప్పులవాళ్ళు, జనం. నేనేమైనా తలుపేసుకున్నానా?"

"వేసుకోండి. మీకూ ఉండాది, నేను లేదన్నానా? చెప్పకుండా ఓర్చుకోవడం గొప్పని మీరనుకుంటా ఉండారు. నేననుకోవడం లేదు."

అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళ మధ్య ఉప్పు, పప్పు మాటలే నడిచాయి. విద్యాలక్ష్మికి అది పెద్ద బాధ అనిపించలేదు. విసుగనిపించింది. తను అంత గొంతు చించుకుని చెప్పింది వీళ్ళకు పరువు సంగతిగానే వినిపించినందుకు విసుగు.

ఈ ఏడాది ఆడి నెల రాకముందే ఆమె ఫోన్ తీసుకుని కూర్చుంది. మోహన్‌కుమార్ చెయ్యనన్నాడు కాబట్టి తనే అందరికీ చేసింది. "ఈ సారి ఇంట్లో బస పెట్టుకోలేదు. కావాలంటే సత్రంలో గది చూసి పెడతాం. కృత్తిక రోజు మధ్యాన్నం భోజనానికి రండి. అంతవరకే నాకు చేతనవుతుంది." మొదటి ఫోన్‌లో ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసుకుని చదివింది. నాలుగో ఫోన్‌కు కాగితం అక్కర్లేకపోయింది. కొందరు "సరి, సరి" అన్నారు. కొందరు పెట్టేశారు. వేలూరు వాళ్ళు మోహన్‌కుమార్‌కు విడిగా ఫోన్ చేసి, "ఏమప్పా, ఇంట్లో రాజ్యం మారిందా?" అని అడిగారు.

వెనక గదిలోంచి కన్యకాంబ కూడా తన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడటం విద్యాలక్ష్మి విన్నది. "మా కోడలికి థైరాయిడ్. డాక్టరు పని చెయ్యొద్దన్నాడు."

ఫోన్ పెట్టేదాకా ఆగి, "నాకు థైరాయిడ్ లేదత్తా" అంది.

"తెలుసు. థైరాయిడ్ అంటే ఇంకేమీ అడగరు. నువ్వు చెప్పేది చెప్తే గంటసేపు అడుగుతారు."

"అడగనీండి. నిజం చెప్పేదానికి ఏమి?"

"నీకు నిజం గావాల్నా, ఇంటికి జనం రాకుండా ఉండాల్నా?" అంది కన్యకాంబ.

విద్యాలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. ఆ ముసలామె తనకు సాయమే చేస్తోంది. చేస్తూనే తన జబ్బును మళ్ళీ బస్తా వెనక దాచేస్తోంది. ఆమె మీద అరవలేదు, మెచ్చుకోలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలు కావలసినదానికంటే గట్టిగా తోమింది.

కృత్తిక రోజు భోజనానికి ఇల్లు ఇరుకనిపించనంత మందే వచ్చారు. వేలూరు వాళ్ళు మాత్రం ఎప్పటిలాగే సంచులతో, పరుపుచుట్టలతో దిగారు. విద్యాలక్ష్మి అరుగు మీదే నిలబడి, "భోజనం చేయండి. సంచులు సత్రంలో పెట్టుకోండి, ధాత్రి చూపిస్తుంది" అంది. గుండె మళ్ళీ కొట్టుకుంది, వేళ్ళు చల్లబడ్డాయి. కాకపోతే ఇప్పుడు అదేమిటో ఆమెకు తెలుసు. స్తంభానికి ఆనుకుని ఊపిరి మెల్లగా వదిలింది. వాళ్ళు తినకుండానే వెళ్ళిపోయారు. గెలిచినట్టేమీ అనిపించలేదు ఆమెకు. ఇంత చిన్న మాటకు ఇంత రభస అవసరమా అని అలసట మాత్రం వచ్చింది. ఆ మధ్యాహ్నం సామాన్ల గదిలో పడుకుంది. పళని బిగించిన కొత్త తలుపు ఎవరూ తట్టలేదు.

పండగ వెళ్ళాక తిరువళ్ళూరు పోవలసిన రోజు ధాత్రికి పరీక్ష పడింది. మోహన్‌కుమార్ తోడొచ్చాడు. బయట బెంచీ మీద కూర్చుంటానన్నవాడు, ఈమె పిలవకుండానే వెనకే లోపలికొచ్చి కూర్చున్నాడు. డాక్టర్ మందు తగ్గించి, రోజూ పొద్దున కాసేపు నడవమంది. ఇద్దరూ లేవబోతుండగా అతను గొంతు సవరించుకుని, అరవంలో, "రాత్రి నిద్ర పట్టకపోతే, కొట్టు మూసినాక కూడా చెయ్యి వణుకుతా ఉంటే, దానికీ మందుంటుందా డాక్టర్?" అని అడిగాడు.

విద్యాలక్ష్మి తల తిప్పి అతన్ని చూసింది. ముందు ఆమెకు జాలి రాలేదు. మండిపోయింది.

స్టేషన్లో బండి కోసం నిలబడ్డప్పుడు అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాన్న పోయినప్పటి నుంచి."

"మరి నన్నెందుకట్ల అన్నారు? అందరి ఇండ్లల్లో చేస్తానే ఉండారని?"

అతను పట్టాల వైపు చూశాడు. "నాకు నేనే అట్ల చెప్పుకుంటా ఉంటా. అదే నీకూ చెప్పినా" అన్నాడు.

బండి కిక్కిరిసి వచ్చింది. అతను ఎక్కడో సీటు వెతికి ఆమెను కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా ఇదే మోశారన్న సంగతి ఆమెకు ఓదార్పుగా లేదు. వృథాగా పోయిన కాలంలా ఉంది.

తిరుత్తణిలో దిగాక అంది. "డాక్టరు పొద్దున నడవమంది గదా. ఇద్దరం నడుద్దాం."

"కొట్టో?"

"రొంత ఆలస్యంగా తెరవండి."

"చూద్దాం."

"చూద్దాం గాదు. నడుస్తారా, నడవరా?"

"నడుస్తా" అన్నాడు.

కొన్ని రోజులు నడుస్తున్నారు, కొన్ని రోజులు కొట్టుకు సరుకు వచ్చిందని అతను ఎగ్గొడుతున్నాడు. ఎగ్గొట్టిన రోజు ఆమె ఒక్కతే పోతోంది. అలిమేలమ్మ ఇప్పటికీ తల్లికే ఫోన్ చేస్తుంది, మరదలిని అడగదు. మెట్ల పూజ దగ్గర పడుతోంది. మద్రాసు వాళ్ళు గది సంగతి అప్పుడే అడిగారు. విద్యాలక్ష్మి సత్రం మేనేజరు నంబరు పంపించి, వంటింట్లోకి పోయి తన ఒక్కదానికే కాఫీ కలుపుకుంది.